మీకు తెలుసా? మైలేజీ పెంచే గాలికి పైసా ఖర్చు లేదు

చాలా కార్లలో డ్రైవర్ తలుపు తెరవగానే పక్కనే ఓ చిన్న స్టిక్కర్ ఉంటుంది. టైర్లలో ఎంత గాలి ఉండాలో, కారు నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత పెంచాలో అందులో రాసి ఉంటుంది. చాలామంది అది చూడనే చూడరు, బంకులో ఎంత కొడితే అంతే! గాలి తగ్గిన టైరు నేలకు ఎక్కువగా నలుగుతూ ఇంజిన్ శక్తిని వేడి రూపంలో తినేస్తుంది. సరిపడా గాలి ఉంటే మైలేజీ 3 శాతం దాకా పెరగొచ్చని అమెరికా ఇంధన శాఖ అంచనా. మన పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాల్సిందే, మొహమాటపడకుండా అడగండి. బండి దూరం తిరిగాక టైరు వేడెక్కి రీడింగు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున్నే కొట్టించడం మేలు. ఇక హైవే సంగతి: వేగం రెట్టింపైతే ఎదురుగాలి నిరోధం నాలుగింతలవుతుంది. ఖాళీ రూఫ్ క్యారియర్ ఆ నిరోధాన్ని ఇంకా పెంచుతుంది కాబట్టి, ఉంటే దించేయండి.