చేప చారలకు వెన్నులో పునాది

గుడ్డు ఫలదీకరణ చెంది ఒక రోజైంది. సూక్ష్మదర్శిని కింద పెడితే జీబ్రా చేప పిండం ఈ వైపు నుంచి ఆ వైపుకు కనిపించేంత పారదర్శకంగా ఉంటుంది. గుండె అప్పుడప్పుడే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంతలో కంట్లోనూ, వీపు వెంబడీ లేత నలుపు చుక్కలు తేలతాయి. ఆ తర్వాత పసుపు ఛాయ, వెండి మెరుపు వచ్చి చేరతాయి. నిన్నటిదాకా ఏ రంగూ లేని కణాలకు ఇవాళ రంగెలా వచ్చింది?

రెండంగుళాలు కూడా దాటని ఈ చేపకు పుట్టిల్లు మన ఉపఖండమే. గంగా పరీవాహక ప్రాంతపు చేపలపై 1822లో తెచ్చిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని వర్ణించాడు. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని జన్యు పరిశోధనకు అలవాటు చేశాడు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్ బృందం జన్యులోపాలున్న చేపలను పెద్దయెత్తున పెంచి, ఆ ఫలితాలను 1996లో ప్రచురించింది. వాటిలో రంగు తేడా ఉన్నవి చాలానే. రంగులో లోపాన్ని పట్టుకోవడానికి కోత అక్కర్లేదు, చూస్తే చాలు.

రంగు కణాల మూలం చర్మంలో లేదు. వెన్నుపాముగా మారబోయే భాగానికి పైఅంచున ‘న్యూరల్ క్రెస్ట్’ అనే కణాల వరుస ఏర్పడుతుంది. 1868లో విల్హెల్మ్ హిస్ కోడి పిండంలో దీన్ని మొదట గుర్తించాడు. ఈ కణాలు పుట్టినచోట ఉండవు. కొన్ని చర్మానికీ కండరాలకూ మధ్య సందులోంచి, కొన్ని కండరాలకూ వెన్నుపాముకూ మధ్యలోంచి కిందికి పాకుతాయి. కొన్ని నాడీకణాలు, దవడ ఎముకలు, పేగుల్లోని నరాలు, ఒంటిమీది రంగు కణాలు అన్నీ వీటి సంతానమే. ఏది ఏమవుతుందో తేల్చేది ఏ జన్యువు తెరుచుకుంది, ఏది మూతపడింది అన్నదే.

నలుపు కణం సంగతి చూద్దాం. మొదట సాక్స్10 అనే జన్యువు పనిచేయాలి. అది మిట్ఫా అనే మరో జన్యువును మేల్కొలుపుతుంది. మిట్ఫా పనిలోకి దిగితే మెలనిన్ తయారీకి కావలసిన సరంజామా అంతా సిద్ధమవుతుంది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మెలనిన్ పుడుతుంది. మిట్ఫా చెడిపోయిన ‘నేకర్’ చేపకు ఒంటిమీద ఒక్క నల్లకణమూ ఉండదు, కళ్లు మాత్రం నల్లగానే ఉంటాయి. కంటి వెనుక పొరలోని నలుపు న్యూరల్ క్రెస్ట్ నుంచి కాక, మెదడు భాగం నుంచి వస్తుంది కాబట్టి. వెండి కణాల తీరే వేరు. వాటిలో రంగు పదార్థం ఉండదు. డీఎన్ఏలో కనిపించే గ్వానీన్ స్ఫటికాలుగా పేరుకుని వెలుతురును తిప్పికొడుతుంది.

మనిషిలోనూ ఇవే జన్యువులు ఉన్నాయి. సాక్స్10 దెబ్బతిన్న కొందరికి ఒంటిమీద తెల్లమచ్చలు, వినికిడి లోపం, పుట్టుకతోనే పేగుల కదలికలో ఇబ్బంది కలిసి వస్తాయి. సంబంధం లేనట్టు కనిపించే ఈ మూడింటికీ మూలం ఒకే కణాల గుంపు.

అయితే పిల్లచేప మీది చుక్కలు పెద్దచేప చారలు కావు. కొన్ని వారాల తర్వాత చేప రూపు మారేటప్పుడు నల్ల, వెండి కణాలు చాలావరకు కొత్తగా పుడతాయి. వచ్చే పంటకు రైతు విత్తనం గింజలు దాచినట్టు, పిండ దశలోనే కొన్ని మూలకణాలు వెన్నుపాము పక్కనున్న నాడీ ముడుల దగ్గర ఆగిపోతాయి. సమయం వచ్చాక వాటి సంతానం నరాల వెంబడి చర్మానికి చేరుతుంది. డేవిడ్ పారిచీ బృందం 2008లో దీనికి ముచ్చటైన రుజువు చూపింది. పిండ దశలో కొద్దికాలం మాత్రం ఎర్బ్‌బీ అనే సంకేతాన్ని మందుతో అడ్డుకుంటే పిల్లచేప మామూలుగానే కనిపించింది. పెద్దయ్యాక దాని నల్లచారల్లో ఖాళీలు బయటపడ్డాయి. పసుపు కణాలు మాత్రం ఎక్కువగా పిల్లచేప నాటివే పెరిగి విస్తరిస్తాయి.

రంగు కణం కావడం ఒక ఎత్తు, అది ఎంత రంగు చేస్తుందన్నది మరో ఎత్తు. ‘గోల్డెన్’ అనే లేత రంగు చేపలో చెడిన జన్యువు ఎస్ఎల్‌సీ24ఏ5 అని 2005లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోని కీత్ చెంగ్ బృందం తేల్చింది. ఇదే జన్యువులోని చిన్న మార్పు యూరప్ వారి లేత ఛాయకు ఒక ముఖ్య కారణం. ఆ మార్పు భారతీయుల్లోనూ ఉందనీ, రెండు చోట్లా దాని మూలం ఒక్కటేననీ హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కె.తంగరాజ్ పాలుపంచుకున్న అధ్యయనం 2013లో చూపింది.

న్యూరల్ క్రెస్ట్ నుంచి రంగు కణం దాకా సాగే ఈ దారిలో కణం వెనక్కి నడిస్తే ప్రమాదం. బోస్టన్‌లోని లియొనార్డ్ జాన్ బృందం, న్యూరల్ క్రెస్ట్ కణాల్లో పనిచేసి తర్వాత మూగబోయే క్రెస్టిన్ జన్యువుకు ఆకుపచ్చ వెలుగును జతచేసింది. క్యాన్సర్ కలిగించే జన్యుమార్పు నల్లకణాలన్నిటిలో ఉన్న చేపల్లో కూడా కంతి ఎక్కడో ఒకచోటే మొదలైంది. అక్కడ ఒకే ఒక్క కణం క్రెస్టిన్‌ను మళ్లీ తెరిచి పచ్చగా వెలిగింది. ఆ తర్వాత అదే మెలనోమా అనే నల్లకణాల క్యాన్సర్‌గా పెరిగింది. 2016లో వెలువడిన ఈ ఫలితంతో, పిండ దశ జన్యువులు ముదిరిన కణంలో తిరిగి తెరుచుకోకుండా ఆపే మార్గాల మీదికి పరిశోధకుల దృష్టి మళ్లింది.