లోతు బోరుకు ఎంత లావు కేబులు?

సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే అనంతపురం పీఠభూమిలో భూగర్భజలం గ్రానైటు, నైసు రాళ్ల పగుళ్లలోనే నిలుస్తుంది కనుక, చీనీ తోటను వేసవి దాటించే భారం సబ్‌మర్సిబుల్ మోటారు మీద పడుతుంది. ఆ మోటారుకు కేబులు కొనే పని మాత్రం దుకాణంలో ఒక్క ప్రశ్నతో ముగిసిపోవడం మామూలు: మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడుగుతారు, ఐదు అని జవాబు వస్తే 2.5 ఎంఎం ఫ్లాట్ కేబులు చుట్ట విప్పి కొలిచి ఇస్తారు. స్టార్టరు నుంచి మోటారు దాకా మొత్తం దూరమెంత అన్నది అడగవలసిన రెండో ప్రశ్న. బోర్లు వందల అడుగులు దిగిన నేలలో మొదటి ప్రశ్న కంటే ఇదే ముఖ్యమైనది.

దుకాణపు మాటలో 2.5 ఎంఎం అంటే 2.5 చదరపు మిల్లీమీటర్లు, అంటే తీగను అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం; దాని వ్యాసం 1.8 మిల్లీమీటర్లకు మించదు. పైన ఉండే నల్లటి తొడుగు ఎంత మందంగా ఉన్నా లోపలి రాగి గురించి ఏమీ చెప్పదు కాబట్టి, కేబులును చేత్తో నొక్కి చూసి కొనడం వల్ల ప్రయోజనం లేదు. రాగి ఎంత మంచి వాహకమైనా దానికీ కొంత నిరోధం ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ ఆ నిరోధం పెరుగుతుంది, వైశాల్యం పెరిగేకొద్దీ తగ్గుతుంది. కరెంటు ఆ నిరోధాన్ని దాటేటప్పుడు కొంత వోల్టేజీ తీగలోనే ఖర్చయిపోయి, మిగిలినదే మోటారుకు అందుతుంది. ఇలా దారిలో తగ్గిపోయే భాగాన్ని వోల్టేజీ డ్రాప్ అంటారు. ఇది సరఫరా వోల్టేజీలో మూడు శాతం దాటకుండా చూసుకోవడం మోటారు పనివాళ్లు పాటించదగిన హద్దు.

త్రీఫేజు 415 వోల్టుల మీద నడిచే ఐదు హెచ్‌పీ మోటారు సుమారు 10 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందనుకుంటే, 2.5 ఎంఎం రాగి కేబులు మీద 300 అడుగుల లోతులో పోయే వోల్టేజీ దాదాపు 10, అంటే రెండున్నర శాతం లోపే. ఇబ్బంది లేదు. అదే మోటారును అదే కేబులుతో 650 అడుగులకు దించితే డ్రాప్ 22 వోల్టులకు చేరి ఐదు శాతం దాటుతుంది. 4 ఎంఎం వేస్తే 14 వోల్టుల దగ్గర ఆగుతుంది, 6 ఎంఎం వేస్తే 9 వోల్టులకు దిగుతుంది. మూడు శాతం హద్దు పన్నెండున్నర వోల్టులే కనుక, ఈ లోతులో ఐదు హెచ్‌పీకి కూడా 6 ఎంఎం కావలసి వస్తుంది. ఈ లెక్క 20 డిగ్రీల వేడి దగ్గరిది. పది డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం దాదాపు నాలుగు శాతం పెరుగుతుంది కాబట్టి, గట్టు మీద ఎండలో పడి ఉండే కేబులు ముక్కను కాస్త పెద్ద మనసుతోనే లెక్కించాలి.

పీఠభూమిలో జరిగేది ఏమిటంటే, నీటిమట్టం ఒక్కసారిగా 650 అడుగులకు పడిపోదు. మొదట 300 అడుగులలో దించిన మోటారుకు, నీళ్లు అందని ఏడాది ఇరవై అడుగుల పైపులు మరికొన్ని కలుపుతారు, కేబులుకు అదే సైజు ముక్క అతుకుతారు; మళ్లీ కరువు వస్తే మళ్లీ కొన్ని పైపులు, మరో ముక్క. ఏ ఒక్కసారీ తప్పు చేసినట్టు కనిపించదు, ఎందుకంటే ప్రతిసారీ మోటారు తిరుగుతూనే ఉంటుంది. కానీ మొదట సరిపోయిన కేబులు, తానేమీ మారకుండానే, లోతు పెరగడం వల్ల చాలనిదైపోతుంది. కలిపే ముక్కనైనా 4 ఎంఎంలో తీసుకుంటే 22 వోల్టుల డ్రాప్ 17కు తగ్గుతుంది. హద్దులోకి రాకపోయినా అది కొంత మేలే.

దీనికి లో వోల్టేజీ తోడైతే సంగతి ముదురుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది: స్టార్టరు దగ్గర 350 వోల్టులే ఉంటే బలం 71 శాతానికి పడిపోతుంది, అందులో కేబులు మరో 22 మింగితే 62 శాతానికి దిగుతుంది. నీటి బరువు మాత్రం తగ్గదు కనుక మోటారు ఆ లోటును ఎక్కువ కరెంటు లాగి పూడ్చుకుంటుంది, ఎక్కువ కరెంటు కేబులులో డ్రాప్‌ను ఇంకా పెంచుతుంది, చివరకు వైండింగ్ కాలుతుంది. నేరం సరఫరా మీదకు పోతుంది. సగం న్యాయమే అయినా, మిగతా సగం బోరు గొట్టంలో వేలాడుతూ ఉంటుంది. స్తంభం నుంచి స్టార్టరుకు వచ్చే సర్వీసు వైరు అల్యూమినియందైతే, అదే లావు రాగి కంటే నిరోధం అరవై శాతానికి పైగా ఎక్కువ కాబట్టి, ఆ దూరాన్నీ లెక్కలో కలపవలసిందే.

సన్న కేబులు వల్ల పోయే కరెంటు కూడా తక్కువేమీ కాదు. 650 అడుగుల 2.5 ఎంఎం కేబులు మోటారు నడిచినంతసేపూ 440 వాట్లకు పైగా వేడిగా వదిలేస్తుంది. 6 ఎంఎంలో అది 185 వాట్లు. బిల్లు కట్టే పరిశ్రమలో ఈ తేడా కొన్నాళ్లకే లావు కేబులు ధరను తిరిగి రాబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులో ఉన్నందున రైతు లెక్కలోకి ఈ నష్టం రాదు; కేబులు కొనేనాటి ధర ఒక్కటే కంటికి కనబడుతుంది. ఉచిత విద్యుత్తు అవసరాన్ని ఇది ఏమాత్రం తగ్గించదు గానీ, సన్న కేబులు ఇంతకాలం చెల్లుబాటు కావడానికి ఇది ఒక కారణమని చెప్పక తప్పదు.

ఇదే సూత్రం 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ వంటి పాత కార్ల బ్యాటరీ కేబులులో తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ దూరం మూడు మీటర్లే, కానీ స్టార్టరు మోటారు తిరిగే కొద్ది క్షణాలు 200 ఆంపియర్ల దాకా లాగవచ్చు, వోల్టేజీ 12 మాత్రమే. రానుపోను మూడు మీటర్లకు 10 ఎంఎం కేబులు వేస్తే వోల్టుకు పైగా దారిలోనే పోతుంది, అంటే పన్నెండింట ఒక వంతు. 25 ఎంఎం వేస్తే అర వోల్టు లోపే. ఆరు వోల్టుల పాత కార్లకైతే అదే శక్తికి రెట్టింపు కరెంటు కావాలి కాబట్టి ఇంకా లావు కేబులు అవసరం. అయితే కారు యజమానికి ఒక సౌకర్యం ఉంది: తాళం తిప్పుతుండగా కేబులు రెండు చివరల మధ్య వోల్టుమీటరు పెడితే పోతున్నదెంతో కళ్ల ముందే తెలుస్తుంది.

బోరులో రెండో చివర నీటి కింద ఉంటుంది కనుక మీటరు పెట్టే వీలు లేదు, లెక్క ఒక్కటే ఆధారం. దాన్ని సరిచేసుకునే అవకాశం కూడా మోటారు పైకి వచ్చిన రోజే దొరుకుతుంది. ఆ రోజు వైండింగుకు పంపే ముందే కేబులును గట్టు మీద పరిచి, స్టార్టరు దాకా మొత్తం అడుగులు కొలిచి, ఎన్ని అతుకులున్నాయో చూడాలి. అతుకు తప్పనిసరైతే మూడు కోర్లనూ ఒకే చోట కాకుండా మెట్లు మెట్లుగా కలిపి, ఒక్కొక్కదానికీ విడిగా టేపు చుట్టి, ఆపైన మొత్తానికి మరో చుట్టు చుట్టాలి. లేకపోతే ఉబ్బిన చోట కేబులు బోరు గోడకు ఒరుసుకుని, తొడుగు చిరిగి, నీరు లోపలికి చేరుతుంది.