బందరుకోట దయ్యములు

మాది బందరు. ఊరికి కొంత దూరమున, సముద్రమునకు చేరువగా, ఉప్పుపర్రల నడుమ బందరుకోట శిథిలములున్నవి. మేము కాపురమునకు వచ్చిన తొలి వారముననే మా యత్తగారు, "అమ్మాయీ! దీపాలు పెట్టేవేళ ఆ వైపు పోకమ్మా, గాలి సోకుతుంది" అని హెచ్చరించిరి. పర్రలమీద కొరివిదయ్యములు తిరుగుననియు, కోటగోడలలో నడిరేయి జనము గుంపుగా నేడ్చుచుందురనియు మేము వినని సాయంకాలము లేదు. మొదట భయపడితిమి; పిమ్మట నవ్వితిమి. ఆ రెండును సరికావని తెలిసికొని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యూరి పేటల పేరులే పాతకథలు చెప్పును. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అనునవి హాలెండువారును, ఫ్రెంచివారును, ఇంగ్లీషువారును వర్తకమునకై వచ్చి నిలిచిన తావులు. ఇంగ్లీషువారి వర్తకశాల 1611లో నేర్పడెను. 1759లో కల్నల్ ఫోర్డు ఒక రాత్రి కోటమీద బడి ఫ్రెంచివారినుండి దానిని గైకొనెను. హాలెండువారి శ్మశానమున 17వ శతాబ్దినాటి శిలాఫలకములు నేటికిని గలవు. ఊరిలోని సెయింట్ మేరీ చర్చిలో 1809లో మరణించిన అరబెల్లా రాబిన్‌సన్ అను యువతి సమాధి యున్నది. ఆమెను వలచిన జాన్ పేటర్ అను సేనాని ఆ చర్చిని కట్టించెను. ఆమె దేహము చెడకుండ మందులు పూసి అద్దపుపెట్టెలో నుంచిరని జనులు నేటికిని కథగా చెప్పుకొందురు.

అయితే కోటలో వినవచ్చునను నేడ్పు ఆ దొరలది కాదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి తుపానుతో సముద్రము సుమారు 13 అడుగుల యెత్తున పొంగి, కోటను, ఊరిని ముంచి, మైళ్లకొలది లోపలికి వచ్చెను. సుమారు 30,000 మంది ప్రాణములు గోల్పోయిరి. ఇంటిల్లిపాది కొట్టుకొనిపోయినచోట శవమును పోల్చువారెవరు? కర్మ చేయువారెవరు? ఆ పిమ్మట సైన్యము కోటను విడిచిపోయెను. మనుష్యులు విడిచిన యింట దయ్యములు చేరుననుట లోకుల మాట.

భారతమున స్త్రీపర్వము చదివిన సోదరీమణులు ఎరుగుదురు. యుద్ధము ముగిసిన పిదప, నాథులు లేని శవములకు సైతము సంస్కారములు జరుపుమని ధర్మరాజు విదురాదులను నియమించెను. తర్పణము విడుచు కొడుకును, పేరు తలచు కోడలును లేని తన వారిని బందరు మరువజాలక, దయ్యములుగానైన నిలుపుకొన్నదని మాకు తోచును. కోట యేడ్పు శిథిలములలో దూరు సముద్రపు గాలి. కొరివిదయ్యము, బురదలో కుళ్లిన ఆకులనుండి పుట్టిన వాయువు మండుటయేయని శాస్త్రజ్ఞులు పలువురు చెప్పుచున్నారు. ఇంతమాత్రమైన నీ కథలవలన కీడు లేదు.

కీడెట్లు కలుగునో మేము కన్నులార చూచితిమి. కొన్నేండ్ల క్రిందట మా వీధిలో నొక కోడలు, పురుడు వచ్చిన యైదవనాటినుండి నిద్ర మానెను. "నీళ్లు వస్తున్నాయి, పిల్లను పైకెత్తండి" అని రేయింబవళ్లు కేకలు వేయుచుండెను. కోటలో మునిగిన దెవతెయో ఆవహించినదని పెద్దలు నిశ్చయించిరి. భూతవైద్యుడు వచ్చి మిరపకాయల పొగ పెట్టెను, వేపమండలతో కొట్టెను. పచ్చి బాలింత! మేము గుమ్మమున నిలిచి చూచుచు నోరు మెదపమైతిమి. తలచుకొన్న నేటికిని సిగ్గగును.

మూడవనాడు బిడ్డను చూడవచ్చిన ఆశా కార్యకర్త, "ఇది గాలి కాదు, జబ్బు" అని పట్టుబట్టి ఆమెను ఆసుపత్రికి చేర్చెను. ప్రసవమైన రెండు వారములలోపల, వేయిమంది బాలింతలలో ఒకరిద్దరికి ఇట్టి చిత్తభ్రమ కలుగుననియు, ఆలస్యము చేసిన తల్లికిని బిడ్డకును ప్రాణాపాయమనియు, తగిన చికిత్సచే చాలమంది కోలుకొందురనియు వైద్యురాలు చెప్పెను. ఆమెయు కోలుకొనెను. నాటి పసికందు నేడు మా వారి పాఠశాలలోనే చదువుచున్నది.

మరి ఆమెకు నీళ్లే యేల కనబడెను? నిండుచూలాలై యుండగా మా యరుగుమీద గూర్చుండి ప్రళయపు దయ్యముల కథలు వినెను. చెప్పినవారిలో మేమును గలము. వ్యాధి మా కథవలన పుట్టలేదు. కాని దానికి మాటలిచ్చినది మా కథయే, వైద్యమునకు మూడునాళ్లు అడ్డుపడినదియు మా కథయే.

కావున సోదరీమణులారా! బాలింత నిద్ర లేక సంబంధము లేని మాటలాడినచో సోదె అడుగబోకుడు. ఆనాడే వైద్యుని కడకు గొనిపొండు. కథలు మానుమని మేము చెప్పము. మా పిల్లలకు ఇప్పుడును కోటకథ చెప్పుచున్నాము. దయ్యముల మాట విడిచి తేదియు, నీరు లేచిన యెత్తును, పోయినవారి లెక్కయు చెప్పుచున్నాము. 1977 నవంబరు 19న దివిసీమలో మరల సముద్రము పొంగి పదివేలకు పైగా జనము పోయిన సంగతియు చెప్పి, తుపాను హెచ్చరిక వినిన వెంటనే ఇల్లు విడువవలెనని నేర్పుచున్నాము.

ఏటేట నవంబరు 1వ తేది సాయంకాలమున పేరు తెలియని యా వారికై మా యరుగుమీద నొక దీపము పెట్టుచున్నాము. మా యత్తగారు మొదట గొణిగిరి. నిరుడు మాత్రము తామే వత్తి చేసియిచ్చి, దీపము కొండెక్కువరకు కోటవైపు చూచుచు కూర్చుండిరి.