చెరసాలలో తొలి శ్రోత

కావ్యానికి మొదటి పాఠకుడెవరు? పుస్తకం అచ్చయి అంగడికి వచ్చిన పిమ్మట దానిని కొన్నవాడని లోకం అనుకుంటుంది. నిజానికి అంతకు ఎంతో ముందే, ఇంకా వ్రాతప్రతిగానో నోటి మాటగానో ఉన్న పద్యాన్ని విని, ‘మరొకసారి చదువు’ అని అడిగిన స్నేహితుడే మొదటి పాఠకుడు. రాజులు పోషించిన కవుల చరిత్రలు మన పాఠ్యగ్రంథాలలో కావలసినన్ని ఉన్నవి. మిత్రులు నిలబెట్టిన కవుల చరిత్రలు అరుదు. అటువంటి చరిత్ర ఒకటి తెలంగాణంలో, నిజామాబాదు కారాగారంలో, 1948 ప్రాంతాన నడిచినది. అందులో కవి దాశరథి కృష్ణమాచార్య. శ్రోత వట్టికోట ఆళ్వారుస్వామి.

దాశరథి 1925 జూలై 22న చినగూడూరులో జన్మించినాడు. అది నేటి మహబూబాబాదు జిల్లాలోని గ్రామం. పండిత కుటుంబం కావడంవల్ల పద్యం ఆయనకు ఉగ్గుపాలతో అబ్బినది. దానికి ఉర్దూ పరిచయం తోడైనది. నిజాం పాలనను ఎదిరించి, పాతికేండ్లు నిండకముందే చెరసాల పాలైనాడు. ఆళ్వారుస్వామి ఆయనకంటె సుమారు పదేండ్లు పెద్ద. నల్లగొండ ప్రాంతాన పేద ఇంట పుట్టి, పరుల ఇండ్లలో వంట చేసి, హోటలులో పని చేసి, స్వయంకృషితో చదువు నేర్చినాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు తానే మోసికొని తిరిగి అమ్మినాడు. తరువాతి కాలంలో ‘ప్రజల మనిషి’ నవల వ్రాసినవాడు ఈయనే. ఒకరు పద్యం పోకడ ఎరిగినవారు. మరొకరు పల్లె ప్రజల బాధ ఎరిగినవారు. ఇరువురినీ ఒకచోట చేర్చిన పుణ్యం నిజాం ప్రభుత్వానిది!

కారాగారంలో కవికి కాగితం లేదు, కలం లేదు. పండ్లు తోముకొనుటకు ఇచ్చిన బొగ్గే కలమైనది, గోడయే కాగితమైనది. ప్రభువును నిలదీసే పద్యాలు ఆ గోడలకెక్కినవి. కాని బొగ్గు వ్రాతకు ఆయువెంత? ఒక తడిగుడ్డ చాలు, ఒక పూత సున్నం చాలు. అక్కడ పద్యం బ్రతకవలెనంటే మరొకరి గుండెలో దానికి చోటు కావలె. ఆ చోటిచ్చినవాడు ఆళ్వారుస్వామి.

ప్రోత్సాహమంటే పొగడ్త అని మనం సాధారణంగా భావిస్తాము. సభలో పద్యం విన్నవాడు చప్పట్లు కొట్టి లేచిపోవచ్చు. చెరలో విన్నవాడు అట్లు లేచిపోలేడు. ఆ పద్యంవల్ల వచ్చే కష్టంలో వానికీ పాలుంటుంది. అది తెలిసియుండియు చెవి యొగ్గినవాని మెప్పుకు విలువ ఎక్కువ. రేపు విడుదల అవుతామో కామో తెలియని చోట, ‘నీ పద్యం బయటి ప్రజలకు అందవలె’ అనే నమ్మకాన్ని తోడి మనిషి కళ్ళలో చూడగలిగిన కవి అదృష్టవంతుడు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది. మరుసటి యేడు దాశరథి తొలి కవితాసంపుటి ‘అగ్నిధార’ వెలువడినది. దానిని ఆయన ఆళ్వారుస్వామికే అంకితమిచ్చినాడు. పూర్వం కృతిభర్త అనగా తరచుగా సిరిగలవాడు, సింహాసనం గలవాడు. పోతన ఆ సంప్రదాయాన్ని కాదని భాగవతాన్ని శ్రీరామునికి సమర్పించినాడు. దాశరథి తోడి ఖైదీకి ఇచ్చినాడు. ఈ కృతిభర్త కవికి అగ్రహారాలీయలేదు, కనకాభిషేకం చేయలేదు. కష్టకాలంలో పద్యం విన్నాడు, అంతే. ఆ ‘అంతే’ ఎంత గొప్పదో అంకితం చెప్పుచున్నది.

ఇట్టి ఆదరణకు తెలంగాణంలో అంతకుముందే ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. ఇక్కడ కవులు లేరన్న నిందకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించినాడు. పల్లెపల్లెనుండి పద్యాలు తెప్పించి, 354 మంది కవులను ఒక్క గ్రంథంలో చూపించినాడు. కవులు అంతకుముందూ ఉన్నారు. అడిగి చదివే మనిషి కరవైనందువల్ల లేనట్లు కనిపించినారు. తీరాంధ్రంలో శ్రీశ్రీ ‘మహాప్రస్థానా’నికి చలం 1940లోనే యోగ్యతాపత్రం వ్రాసినాడు; గ్రంథం మాత్రం 1950లోగాని వెలువడలేదు. స్నేహితుని చూపు అచ్చుయంత్రంకంటె పదేండ్లు ముందు నడిచినది.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఇందులో పాఠమున్నది. చేవెళ్ల, మొయినాబాదు, చిల్కూరు ప్రాంతాల పాఠశాలలలోనూ లెక్కల పుస్తకం చివరి పుటలలో పద్యాలు దాచుకొనే పిల్లలు ఉండక మానరు. అట్టి పుటలు మన చేతికి వచ్చినపుడు ‘బాగున్నది’ అని తిరిగి ఇచ్చివేయుట తేలిక. గణదోషాలు ఎర్ర సిరాతో గుర్తించుట మరింత తేలిక. ముందుగా పైకి చదివించండి. వినండి. ఏ మాట మనసును పట్టినదో, ఏ మాట జారిపోయినదో చెప్పండి. నచ్చిన పాదమొకటి కంఠస్థం చేసి, వారం తరువాత ఆ పిల్లవానికే అప్పజెప్పండి. తన మాట మరొకరి నోట నిలిచినదని తెలిసిన పిల్లవాడు తప్పులు తానే దిద్దుకొంటాడు. రెండవ పద్యం వ్రాస్తాడు.