కోత మిషన్ వేడెక్కాక ఎందుకు లాగదు? హెచ్‌ఎస్‌టీ ప్రెషర్ ఎలా చూడాలి?

యాసంగి వరికోతలు ఏప్రిల్, మే నెలల మండుటెండల్లో సాగుతాయి. ఆ రోజుల్లో చైన్ మిషన్ల యజమానుల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పొద్దున బండి బాగానే నడుస్తుంది. మధ్యాహ్నానికి లీవరు పూర్తిగా ముందుకు తోసినా గట్టు ఎక్కలేక నిలబడిపోతుంది. ఇంజన్ చప్పుడు మారదు, నల్లపొగ రాదు, చైన్లు మాత్రం కదలవు. అప్పుడు చాలామంది స్పానర్ తీసి, కంటికి కనబడిన స్క్రూ ఒకటి బిగించి చూస్తారు. చిన్న రిపేరు పెద్ద ఖర్చుగా మారేది సరిగ్గా అక్కడే. స్క్రూ ముట్టుకునే ముందు ఆ బండి లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలి.

హెచ్‌ఎస్‌టీ అంటే ఏమిటి? మామూలు గేర్‌బాక్స్ ఎందుకు చాలదు?

హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్‌కు పొట్టిపేరు హెచ్‌ఎస్‌టీ. ఇందులో ఇంజన్ ఒక పంపును తిప్పుతుంది. పంపు తోసిన ఆయిల్ ఒక హైడ్రాలిక్ మోటారును తిప్పుతుంది. ఆ మోటారు నుంచి గేర్ల మీదుగా చైన్లకు కదలిక అందుతుంది. మోటారులోంచి బయటికొచ్చిన ఆయిల్ ట్యాంకుకు పోకుండా నేరుగా పంపులోకే తిరిగొస్తుంది. పంపుకూ మోటారుకూ మధ్య అది మూసిన దారి.

పంపు లోపల చిన్న పిస్టన్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి. వాటికి ఎదురుగా ఉండే పలకను స్వాష్ ప్లేటు అంటారు. లీవరు కదిపితే ఆ పలక వాలు మారుతుంది. వాలు పెరిగితే పిస్టన్లు ఎక్కువ దూరం ఆడతాయి, ఆయిల్ ఎక్కువ పారుతుంది, బండి వేగం పెరుగుతుంది. వాలు లేకుండా పలక నిటారుగా నిలిస్తే పిస్టన్లు ఆడవు, బండి ఆగుతుంది. వాలు రెండో వైపుకు మారితే ఆయిల్ ఎదురు పారి, బండి వెనక్కి నడుస్తుంది.

కోత మిషన్‌కు ఇది ఎందుకంత అవసరమంటే, నూర్పిడి డ్రమ్ము ఎప్పుడూ ఒకే వేగంతో తిరగాలి. పైరు దట్టంగా ఉన్నచోట, పడిపోయినచోట బండి నిదానించాలి. ఇంజన్ వేగం తగ్గించకుండా బండి వేగం తగ్గించే సౌకర్యం హెచ్‌ఎస్‌టీ ఇస్తుంది. ట్రాక్టరు రైతులకూ ఇదే అవసరం ఉండబట్టి 1967లోనే అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ఫార్మాల్ 656 ట్రాక్టరును ఈ ట్రాన్స్‌మిషన్‌తో అమ్మకానికి తెచ్చింది. కుబోటా ఆర్‌టీవీ రకం పొలం బండ్లలోనూ, స్కిడ్ స్టీర్ లోడర్లలోనూ సూత్రం ఇదే. తనిఖీ చేసే తీరు కూడా దాదాపు ఒకటే, అంకెలే మారతాయి.

లోపల ఎన్ని రకాల ప్రెషర్లు ఉంటాయి?

రెండు. ఒకటి మెయిన్ ప్రెషర్, రెండోది చార్జ్ ప్రెషర్. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం పొరపాట్లు జరుగుతాయి.

పంపు తనంతట తాను మెయిన్ ప్రెషర్ పుట్టించదు. అది ఆయిల్‌ను తోస్తుంది, అంతే. చైన్లకు బురద అడ్డుపడితే, గట్టు ఎదురైతే, ఆ అడ్డును బట్టి ప్రెషర్ పెరుగుతుంది. చదునైన రోడ్డు మీద తక్కువ, దమ్ము చేసినట్టున్న దిగబడే పొలంలో ఎక్కువ. అది హద్దు దాటి పంపును పగలగొట్టకుండా రెండు హై ప్రెషర్ రిలీఫ్ వాల్వులు కాపలా ఉంటాయి. ఒకటి ముందుకు నడిచే వైపు, ఇంకొకటి వెనక్కి నడిచే వైపు. సాధారణంగా అవి 200 నుంచి 350 బార్ మధ్య ఎక్కడో తెరుచుకునేలా కంపెనీ అమర్చి పంపుతుంది.

చార్జ్ ప్రెషర్ చాలా చిన్నది. చిన్న యంత్రాల్లో 5 నుంచి 10 బార్, పెద్దవాటిలో 15 నుంచి 25 బార్ దాకా ఉండవచ్చు. దీన్ని ఇచ్చేది పంపు ఇరుసు మీదే తిరిగే మరో బుల్లి పంపు. దాని పేరు చార్జ్ పంపు. మీ బండికి ఎంత ఉండాలన్నది దాని సర్వీసు మాన్యువల్ ఒక్కటే చెప్పగలదు.

అంత చిన్న చార్జ్ ప్రెషర్‌కు ఎందుకంత ప్రాధాన్యం?

పిస్టన్లకూ వాటి గదులకూ మధ్య సన్నని సందు ఉంటుంది. లోపలి భాగాలు తడవడానికి, చల్లబడడానికి ఆ సందుల్లోంచి కొంచెం ఆయిల్ కారాలి కూడా. కారినంత ఆయిల్ మళ్లీ దారిలోకి నింపకపోతే పంపు నోట్లోకి గాలి బుడగలు చేరతాయి. బావి దగ్గర ఇంజన్ పంపుకు నీళ్లు పోసి నింపకుండా తిప్పితే ఏమవుతుందో, ఇక్కడా అదే అవుతుంది. పంపు తిరుగుతుంది, పని జరగదు. పైగా ఆ బుడగలు ఒత్తిడికి చితికినప్పుడల్లా లోహం మీద గుంటలు పడతాయి. పిస్టన్ చివర బూట్లు అరుగుతాయి. అందుకే అనుభవం ఉన్న మెకానిక్కు మొదట చార్జ్ ప్రెషరే చూస్తాడు.

పొద్దున బాగుండి, మధ్యాహ్నం ఎందుకు నీరసిస్తుంది?

వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది. పలచబడితే అవే సందుల్లోంచి ఎక్కువ కారుతుంది. చార్జ్ పంపు కొంచెం అరిగినా చల్లగా ఉన్నంతసేపు లోపం బయటపడదు. వేడి పెరిగేకొద్దీ కారేది నింపేదాన్ని మించిపోతుంది. అప్పుడు బండి నిలబడుతుంది. అంటే వేడి చాలాసార్లు అసలు జబ్బు కాదు, దాగిన అరుగుదలను బయటపెట్టేది మాత్రమే. అయితే ఆయిల్ కూలర్‌కు, రేడియేటర్‌కు గడ్డి, ఊక దుమ్ము పట్టి గాలి ఆడకపోతే మంచి హెచ్‌ఎస్‌టీ కూడా మధ్యాహ్నానికి ఇలాగే మొరాయిస్తుంది. కాబట్టి ముందు ఆ జాలీలు శుభ్రం చేయండి.

గేజి పెట్టే ముందు ఇంకేం చూడాలి?

డబ్బు ఖర్చు కాని తనిఖీలు ముందు పూర్తిచేయాలి.

ఆయిల్ మట్టం చూడండి. రంగు చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. నురగ కట్టితే సక్షన్ వైపు ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు, అంటే క్లిప్పు వదులైందో, రబ్బరు పైపు పగిలిందో, ఓ రింగు పోయిందో. మాడిన వాసన వస్తే ఆయిల్ పని అయిపోయినట్టే.

ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడే మార్చండి. పాత ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూడండి. ఇత్తడి రంగు పొడి మెరుస్తుంటే లోపల భాగాలు అరుగుతున్నాయని అర్థం.

చాలా చైన్ మిషన్లలో ఇంజన్ నుంచి హెచ్‌ఎస్‌టీకి శక్తి బెల్టు ద్వారా అందుతుంది. ఆ బెల్టు వదులై జారినా బండి అచ్చం ప్రెషర్ లేనట్టే ప్రవర్తిస్తుంది. బెల్టు బిగువు చూడకుండా హెచ్‌ఎస్‌టీ విప్పడం వృథా శ్రమ.

లీవరు నుంచి స్వాష్ ప్లేటు చేతికి వెళ్లే కడ్డీల్లో ఆట ఉందేమో కూడా చూడండి. లీవరు చివరిదాకా పోయినా పలక చివరిదాకా వాలకపోతే వేగం రాదు.

ఒకే హెచ్‌ఎస్‌టీ ఉన్న మిషన్ ఒక పక్కకే లాగుతుంటే లోపం హెచ్‌ఎస్‌టీలో వెతకనక్కర్లేదు. అది ఆ పక్క స్టీరింగ్ క్లచ్‌దో, బ్రేకుదో అయి ఉంటుంది.

గేజి ఎలా పెట్టాలి?

బండిని చదునైన గట్టినేల మీద నిలపండి. కోత బల్లను కిందికి దించండి. పార్కింగ్ బ్రేకు వేసి, చైన్లకు దిమ్మెలు అడ్డుపెట్టి, ఇంజన్ ఆపండి. హెచ్‌ఎస్‌టీ మీద చార్జ్ ప్రెషర్ చూసేందుకు ఒక ప్లగ్గు ఉంటుంది. అది ఏదో మాన్యువల్ బొమ్మలో చూసి నిర్ధారించుకోండి. పక్కనే ఉండే మెయిన్ ప్రెషర్ ప్లగ్గుకు చిన్న గేజి బిగిస్తే గేజి పగులుతుంది, మనిషికి గాయమవుతుంది. ప్లగ్గు చుట్టూ మట్టి లేకుండా తుడిచాకే విప్పండి. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా వాల్వు సరిగా కూర్చోదు.

చార్జ్ వైపుకు 0 నుంచి 40 బార్ గేజి సరిపోతుంది. మన దగ్గర గేజిల మీద చదరపు సెంటీమీటరుకు కిలోల్లో కూడా అంకెలుంటాయి, మెకానిక్కులు వాటినే ‘కేజీ’ అంటారు. 1 బార్ అంటే దాదాపు 1.02 కేజీ, 14.5 పీఎస్ఐ. మాన్యువల్‌లో మెగాపాస్కల్ అని ఉంటే 1 మెగాపాస్కల్‌కు 10 బార్ లెక్క.

ఆయిల్‌ను మాన్యువల్ చెప్పిన వేడికి తేవాలి. ఎక్కువగా అది 50 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. చల్లటి ఆయిల్‌తో తీసిన అంకె మోసం చేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజన్ నిదానంగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తి వేగంలో ఒకసారి అంకె రాసుకోండి. మధ్యాహ్నం బండి నీరసించిన సమయంలోనే మళ్లీ చూడండి. అసలు సంగతి చెప్పేది ఆ మధ్యాహ్నపు అంకె.

అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా చార్జ్ ప్రెషర్ తక్కువే ఉంటే ఆయిల్ మట్టం, ఫిల్టర్, సక్షన్ గాలి, చార్జ్ ప్రెషర్‌కు హద్దు పెట్టే చార్జ్ రిలీఫ్ వాల్వు స్ప్రింగు, చివరగా చార్జ్ పంపు. ఈ వరసలోనే వెతకండి.

న్యూట్రల్‌లో సరిగ్గా ఉండి, బండి మీద భారం పడగానే బాగా పడిపోతుంటే లోపల పంపో, మోటారో అరిగి కారుతోందని అనుమానించాలి. దీన్ని ఏ స్క్రూ బాగుచేయదు.

చార్జ్ ప్రెషర్ బాగుండి, బండి వెనక్కి గట్టిగా నడుస్తూ ముందుకు మాత్రం లాగకపోతే ముందు వైపు రిలీఫ్ వాల్వు లేదా ఆయిల్‌ను ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. రెండు వైపుల వాల్వులూ ఒకే రకమైతే, మాన్యువల్ ఒప్పుకుంటే, వాటిని అటూ ఇటూ మార్చి చూడవచ్చు. లోపం కూడా వైపు మారితే దోషి ఆ వాల్వే. ఇంత చిన్న పరీక్షతో ఎన్నో హెచ్‌ఎస్‌టీలు అనవసరంగా విప్పకుండా బతుకుతాయి.

సర్దుబాటు ఎలా చేయాలి?

చార్జ్ రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనక కొన్ని యంత్రాల్లో షిమ్ములు, అంటే పలుచని వాషర్లు ఉంటాయి. షిమ్ము చేరిస్తే స్ప్రింగు బిగువు పెరిగి ప్రెషర్ పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. మరికొన్నిటిలో లాక్ నట్టుతో స్క్రూ ఉంటుంది. ఎంత మందానికి ఎంత ప్రెషర్ మారుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. ఒక్కసారి ఒక్క షిమ్ము లేదా స్క్రూను పావు చుట్టు మాత్రమే మార్చి, మళ్లీ అదే వేడిలో, అదే ఇంజన్ వేగంలో కొలవండి. స్ప్రింగు విరిగిందా, వాల్వు కూర్చునే చోట గీతలున్నాయా అన్నది ముందే చూడాలి. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ఈ పని చేయాలి.

మెయిన్ రిలీఫ్ బిగిస్తే బలం పెరగదా?

పెరగదు, ప్రమాదమే పెరుగుతుంది. చాలా యంత్రాల్లో ఆ వాల్వుకు సర్దుబాటే ఉండదు, పాడైతే కొత్తది వేయాల్సిందే. ఒక లెక్క చూడండి. నిమిషానికి 50 లీటర్ల ఆయిల్ 300 బార్ దగ్గర రిలీఫ్ మీదుగా పోతుంటే 25 కిలోవాట్లు, అంటే సుమారు 33 హార్స్‌పవర్ పూర్తిగా వేడిగా మారుతుంది. అందుకే చైన్లు ఆపి చేసే మెయిన్ ప్రెషర్ పరీక్షను కొద్ది సెకన్లకు మించి చేయరు. దానికి 400 నుంచి 600 బార్ గేజి, తగిన హోస్ పైపు ఉండాలి. ఆ పరీక్షను శిక్షణ ఉన్న మెకానిక్కుకే వదిలేయండి. దిగబడిన బండిలో లీవరు తోసిపట్టి కూర్చోవడం కూడా ఆ పరీక్ష లాంటిదే. అలా కూర్చోకుండా లాగించుకోండి.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త ఏమిటి?

ప్రెషర్‌లో ఉన్న పైపు ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకండి. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే కనబడుతుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఆలస్యమైతే వేలో, చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే మరుసటి రోజుదాకా ఆగకుండా, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. కారే చోటు వెతకడానికి అట్టముక్క వాడండి.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. సీజను మొదలుకాకముందే బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడు చార్జ్ ప్రెషర్ కొలిపించి, తేదీ, ఆయిల్ వేడి, ఇంజన్ వేగంతో సహా పుస్తకంలో రాసిపెట్టుకోండి. ప్రతి సీజనుకూ ఒక అంకె చేరితే అరుగుదల ఎంత వేగంగా వస్తోందో మీకే తెలుస్తుంది. పొలం మధ్యలో కాక, కొట్టంలో ఉన్నప్పుడే రిపేరు చేయించుకునే వీలు దొరుకుతుంది. మీ డ్రైవరుకూ ఇదే మాట చెప్పండి: కొలవకుండా ఏ స్క్రూ తిప్పొద్దు.