బస్తర్ బొమ్మలు, ఘానా తూకం రాళ్లు: ఈ పోలిక ఎక్కడిది?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం ఢోక్రా లోహ కళకు పేరుపొందింది. కొండగావ్ పరిసరాల్లో ఘడ్వా కళాకారులు పోతపోసే ఏనుగులు, గుర్రాలు, దేవతా మూర్తుల మీద సన్నని తీగను చుట్టినట్టు గీతలు, చుట్టలు కనిపిస్తాయి. వేల కిలోమీటర్ల దూరంలో, నేటి ఘానా, ఐవరీ కోస్ట్ దేశాల్లోని అకాన్ ప్రజలు బంగారు రజను తూచడానికి కొన్ని శతాబ్దాల పాటు ఇత్తడి తూకం రాళ్లు వాడారు. వాటిలోనూ చాలావాటి మీద అలాంటి చుట్టలే ఉన్నాయి. ఒకరి పనిని చూసి మరొకరు నేర్చుకున్నారనడానికి ఆధారం లేదు. మరి ఈ పోలిక ఎలా వచ్చింది?

చేతిపని ఇచ్చే ఆకారం

మొదటి కారణం తయారీ పద్ధతిలోనే ఉంది. రెండు చోట్లా వాడేది మైనపు పోత విధానం. బస్తర్‌లో ముందుగా మట్టితో బొమ్మ లోపలి భాగాన్ని చేస్తారు. తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి దానిమీద చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోగా మిగిలిన ఖాళీలో కరిగిన లోహాన్ని పోస్తారు. మైనం ఏ ఆకారంలో ఉందో లోహం అదే ఆకారంలో గడ్డకడుతుంది. అకాన్ కళాకారులు కూడా మైనపు దారాలతోనే అలంకరణలు చేసేవారు.

చేతిలో మెత్తని దారం ఉన్నప్పుడు, కాస్త జాగాను అందంగా నింపడానికి సులువైన దారి దాన్ని చుట్టడమే. తాడు చుట్టి పెట్టినా, జంతికల పిండి వత్తినా వచ్చేది ఆ ఆకారమే.

మెదడు చూపే ఆకారం

రెండో కారణం మన దృష్టి వ్యవస్థ కావచ్చు. భ్రాంతి కలిగించే పదార్థాల ప్రభావంలో మనుషులకు కనిపించే ఆకారాలను హైన్రిక్ క్లూవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920ల నుంచి అధ్యయనం చేశారు. అవి ప్రధానంగా నాలుగు రకాలని ఆయన గుర్తించారు: జాలీ, సాలెగూడు, సొరంగం, సర్పిలం. అంటే చుట్టలు తిరిగే ఆకారం కూడా వాటిలో ఒకటి.

దీనికి 1979లో ఎర్మెంట్రౌట్, కోవన్ గణిత వివరణ ఇచ్చారు. కంటి తెర మీది దృశ్యం మెదడులో ఉన్నదున్నట్టుగా కాక, ఒక ప్రత్యేక పద్ధతిలో సాగి పరచుకుంటుంది. అక్కడి నాడీకణాలు చారలు చారలుగా ఉత్తేజం పొందితే, చారల వాలును బట్టి మనిషికి వలయాలో, కిరణాలో, సర్పిలాలో కనిపిస్తాయి. ఈ అమరిక మనుషులందరిలో దాదాపు ఒకటే.

ఈ రెండు కారణాలనూ వేరుచేసి చూడడానికి ఒక గుర్తు ఉంది. ఒకే మందం ఉన్న దారాన్ని చుడితే చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం సమానంగా ఉంటుంది. మెదడు సృష్టించే సర్పిలంలో బయటికి వెళ్లేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. ఢోక్రా చుట్టల్లో వరుసలు పక్కపక్కనే, సమాన దూరంలో ఉంటాయి. అంటే ఇక్కడ దారానిదే ప్రధాన పాత్ర.

అరువు తెచ్చుకున్నదా, సొంతమా?

ఆకారం ఎంత సరళమైతే, అది వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టే అవకాశం అంత ఎక్కువ. స్వస్తిక సింధు నాగరికత ముద్రల మీద ఉంది, అమెరికాలోని నవాహో ప్రజల కళలోనూ ఉంది. అడ్డం, నిలువు వరుసలతో సాగే నేతలో, బుట్టల అల్లికలో అది తేలిగ్గా కుదిరే ఆకారం. అర్థాలు మాత్రం వేరు. మనకది శుభసూచకం. నవాహోలకు అది సుడులు తిరిగే దుంగ, ఒక పురాణగాథకు గుర్తు.

అంకెల సంగతి ఇందుకు భిన్నం. సున్నాతో సహా పది గుర్తులు, వాటికి స్థానాన్ని బట్టి విలువ: ఇంత వివరంగా ఉన్న ఏర్పాటు రెండు చోట్ల యాదృచ్ఛికంగా పుట్టదు. భారతదేశం నుంచి అరబ్బుల ద్వారా అది యూరప్‌కు చేరిన దారి గ్రంథాల్లో కనిపిస్తుంది. ఇరుగుపొరుగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆదిలాబాద్ ఓజా కళాకారులదీ మైనపు పోత పనే. బస్తర్‌తో దానికున్న పోలికకు రాకపోకలూ కారణం కావచ్చు.

పోలిక ఒక్కటే చాలదు

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో బస్తర్ ప్రాంతంలోనే కనిపించింది. కాంకేర్ జిల్లా చారామా దగ్గరి రాతిచిత్రాల్లో ఉన్నది గ్రహాంతరవాసులేనంటూ 2014లో వార్తలు వచ్చాయి. ముక్కు, నోరు స్పష్టంగా లేని ముఖాలను అందుకు ఆధారంగా చూపారు. ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతపు వాండ్జినా చిత్రాలకూ నోరు ఉండదు. వాటినీ కొందరు అలాగే ప్రచారం చేశారు. కానీ వాండ్జినాలు మేఘాలకు, వానకు సంబంధించిన శక్తులని అక్కడి ఆదివాసులు చెబుతారు. ఆ చిత్రాలకు తరతరాలుగా మళ్లీ రంగులు వేసేదీ వారే.

అందువల్ల రెండు చోట్ల ఒకే గుర్తు కనిపిస్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఎంత సరళమైనది? దేనితో, ఎలా చేశారు? ఆ రెండు చోట్ల మధ్య రాకపోకలకు ఆధారం ఉందా? వీటిని దాటేసి ఆకాశం వైపు చూస్తే, ఆ బొమ్మ గీసిన చేతికి దక్కాల్సిన గుర్తింపు దక్కకుండా పోతుంది.