విమానం మోత పొలానికి కాదు, ఇంటికే

గుంటూరు బ్రాడీపేటలో ప్లాటు బేరం చెప్పేవాళ్లు ఎవరైనా "ఎయిర్‌పోర్టుకు దగ్గరండీ" అంటే, ఎంత దగ్గరని కాదు, రన్‌వేకు ఏ దిక్కున అని అడగండి.

అమరావతికి అంతర్జాతీయ విమానాశ్రయం కట్టాలని, అందుకు ఇంకా భూమి కావాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఒంగోలు, నాగార్జునసాగర్ పేర్లు కూడా కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనల్లో ఉన్నాయి. భూమి పోయే రైతు పరిహారం గురించి అందరూ మాట్లాడతారు. భూమి మిగిలి, గోడ పక్కనే కాపురం ఉండాల్సిన రైతు సంగతి ఎవరూ ఎత్తరు.

గన్నవరం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. విమానాలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వరసలోనే తక్కువ ఎత్తులో పోతాయి. కాబట్టి రన్‌వే కొసలకు ఎదురుగా ఉన్న ఊళ్లకు మోత ఎక్కువ. అంతే దూరంలో పక్కకు ఉన్న ఊరికి తక్కువ.

మోతను డెసిబెళ్లలో కొలుస్తారు. ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి నిబంధన. విమానాశ్రయాల శబ్ద పరిధికి మాత్రం 2018 జూన్‌లో కేంద్రం వేరే హద్దు పెట్టింది. ఏడాదికి 50 వేలకు మించి విమానాల రాకపోకలుంటే పగలు 70, రాత్రి 65. పనిచేస్తున్న మిగతావాటికి 65, 60. పది డెసిబెళ్లు పెరిగితే చెవికి మోత రెట్టింపైనట్టే ఉంటుంది. అంటే ఆ పరిధిలో పడిన ఇంటివాళ్లను చట్టమే ఓర్చుకోమంటోందన్నమాట!

పత్తికీ మిరపకీ ఈ బాధ లేదు. అమెరికాలో కూడా సగటు మోత 65 దాటిన చోట ఇళ్లు తగవంటారు, సాగుకు అడ్డు చెప్పరు. హాలెండ్‌లో ఇంకో ముచ్చట ఉంది. అక్కడి షిపోల్ విమానాశ్రయంలో 2003లో కొత్త రన్‌వే వేశాక నేల మీదుగా వచ్చే మోతతో పక్క ఊరివాళ్లు అల్లాడారు. పొలాలు దున్నిన రోజుల్లో ఆ మోత తగ్గడం గమనించారు. చాళ్లు మోతను చెదరగొడుతున్నాయని తేలింది. ఆ కిటుకుతోనే పెద్ద పెద్ద మట్టి గట్లు వరసగా పోసి 2013లో పార్కు చేశారు. నాగలి నేర్పిన పాఠం చూడండి! అయితే నెత్తి మీద పోయే విమానానికి గట్లు అడ్డురావు. ఒక వరస చెట్లు వేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కొత్త విమానాశ్రయానికి పర్యావరణ అనుమతి ఇవ్వకముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరు, జిల్లా పరిషత్ కార్యాలయాల్లో చూడొచ్చు. అందులో రన్‌వే దిక్కు, శబ్ద పరిధి పటం ఉన్నాయో లేదో చూసుకోండి. మన ఊరు, బడి, ఆసుపత్రి ఆ పటంలో ఎక్కడ పడతాయో సభలోనే అడిగి, మినిట్సులో రాయించండి. రాత్రి విమానాలెన్ని, పరిధిలోని ఇళ్లకు తలుపులు కిటికీలు ఎవరి ఖర్చుతో బిగిస్తారు అన్నవీ అప్పుడే తేల్చుకోవాలి.

ఈలోపు పిల్లల కోసం ఇల్లు కట్టే ఆలోచన ఉంటే రన్‌వే కొసకు ఎదురుగా ఉన్న చెక్కను సాగుకే ఉంచి, పక్కనున్న చెక్కలో కట్టుకోండి. రేకుల కప్పు కన్నా స్లాబు నయం. పడక గది కిటికీలు విమానం పోయే వైపు పెట్టకండి.